తెల్లవారుజాము తెరచాటు కబుర్లు

నేను పనిచేసే ఆసుపత్రి పేరు చెప్పను. నెల్లూరు జిల్లాలో, సముద్రానికి ఆరేడు మైళ్ళ దూరంలో ఉంది. ఆ మాత్రం చాలు. ఇంకా అక్కడే ఉద్యోగం వెలగబెడుతున్నాను కాబట్టి పెద్దలు చదివి పిలిపిస్తే జవాబు చెప్పుకోవడం నా వల్ల కాదు. నా పేరు నవోమి. చెప్పబోయేది నా గురించి కాదు, సామ్రాజ్యం గురించి.

సామ్రాజ్యం ఇప్పుడు చిట్టమూరు వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. ఎనిమిదేళ్ళ కిందట, 1960 డిసెంబరులో, ఏడుగురు ఆడపిల్లలం ఒకే రోజు నర్సు చదువుకు చేరినప్పుడు చూశాను మొదటిసారి. ముత్తుకూరు పక్కన పల్లె వాళ్ళది. పేరు సామ్రాజ్యం, ఇంటికి సెంటు భూమి లేదు. తల్లి కామమ్మతో కలిసి పన్నెండో ఏట నుంచీ నాట్లు వేసిన చేతులు. మాట పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆమె హాస్టల్లో నవ్వితే ఆపరేషన్ గదిలో డాక్టరు గారు తల ఎత్తేవారని చెప్పుకునేవాళ్ళం.

మాకు పాఠాలు చెప్పేది ప్రేమలీల సిస్టర్. మనిషి సన్నం, గొంతు లావు. పాఠాల గదిలో గడ్డి కూరి కుట్టిన నిలువెత్తు బొమ్మ ఒకటి మంచం మీద పడుకుని ఉండేది. మేం దానికి పిచ్చమ్మ అని పేరు పెట్టాం. పిచ్చమ్మకు పక్క వేసేవాళ్ళం, పళ్ళు తోమేవాళ్ళం, మంచం మీదనే ఒళ్ళు తుడిచి స్నానం చేయించేవాళ్ళం. దుప్పటిలో ముడత ఉంటే వీపున పుండు లేస్తుంది, రోగిని ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు మోచేతుల దాకా కడగాలి, నాడి చూసేటప్పుడు గోడ మీద బల్లిని చూడకూడదు, ఇలాంటివన్నీ నాకు కంఠతా వచ్చు, చేతికి మాత్రం రావు. సామ్రాజ్యానికి చేతికి వచ్చు, కంఠతా రావు. ఒకరోజు పిచ్చమ్మకు స్నానం చేయిస్తూ గేదెను తోమినట్టు తోమితే చెయ్యి ఊడి వచ్చింది. సిస్టర్ సూదీ దారం తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆ కుట్టు ఇప్పటికీ ఉంది, మా కొత్త పిల్లలకు చూపిస్తుంటాను.

ఆరు నెలలు ఇలా గడిచాక సిస్టర్ ఒప్పుకుంటేనే తెల్ల టోపీ పెడతారు. టోపీ పెడితే నర్సు చదువులో నిలిచినట్టు. పెట్టకపోతే ఇంకో పదిహేను రోజులో నెలో చూస్తారు, అప్పటికీ కాదంటే పెట్టె సర్దుకోవాల్సిందే. మాకు ఆ రోజు జూన్ రెండో ఆదివారం. కామమ్మ ఊరంతా చెప్పేసింది. పదకొండు మందిని బండ్లలో వేసుకుని వస్తున్నానని పాస్టరు గారి చేత ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరం సామ్రాజ్యం మా అందరికీ మూడుసార్లు చదివి వినిపించింది. టోపీ తన నెత్తిన కూర్చున్నట్టే నడిచేది అప్పటినుంచీ.

అప్పుడు వచ్చింది కామాక్షమ్మ. చిట్టమూరు దగ్గర పల్లెలో వరి పండించే ఇంటి ఇల్లాలు, యాభై అయిదేళ్ళ మనిషి, గడ్డివామి మీదనుంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కాలికి ఇసుక సంచులు కట్టి మంచం చివర వేలాడదీశారు. ఆరు వారాలు కదలకూడదు. రోహిణి కార్తె ఎండలు. నీళ్ళు బాగా తాగించమని, తాగింది ఒకవైపు, బెడ్‌పాన్‌లో పోయింది ఇంకోవైపు ఔన్సుల లెక్కన చార్టులో రాయమని డాక్టరు గారి ఆజ్ఞ. ఆ మంచం సామ్రాజ్యానికి అప్పగించారు.

కామాక్షమ్మ మర్యాదస్తురాలు. గ్లాసు ఇస్తే కాదనేది కాదు. "ఆడ పెట్టు అమ్మే, తాగుతా" అనేది. సామ్రాజ్యం ఇంకో రోగి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి గ్లాసు ఖాళీ. చార్టులో ఎనిమిది ఔన్సులు. మళ్ళీ గ్లాసు, మళ్ళీ ఎనిమిది. రెండో వైపు మాత్రం లెక్క చాలా తక్కువ పడుతుండేది. ఎండలకు చెమట రూపంలో పోతోందిలే అని అందరూ సరిపెట్టుకున్నారు. ఆరో రోజుకు కామాక్షమ్మకు జ్వరం, మూత్రంలో మంట, నాలుక అట్ట కట్టింది. ఇట్లాగే ఉంటే మద్రాసు పంపాలేమో అన్నారు డాక్టరు గారు.

ఆ శుక్రవారం సాయంత్రం సామ్రాజ్యం దుప్పట్లు ఆరేయడానికి వార్డు వెనక్కి వెళ్ళి, చప్పున ఆగిపోయింది. కిటికీల కింద కనకాంబరం మొక్కల వరుస మొత్తం ఎండి కట్టెలై ఉంది. కామాక్షమ్మ కిటికీ కింది మొక్క ఒక్కటే నిండా పూసి ఉంది. చేలో పెరిగిన పిల్ల కదా, వంగి మట్టి తీసి నలిపింది. తడి. నన్ను పిలిచి చూపించింది. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది, అది చెప్పుకోవడానికి సిగ్గుపడను. కులం చూసి మన చేతి నీళ్ళు తాగదన్నమాట అనుకున్నాం. మా పల్లెల వాళ్ళకు అలవాటైన మాటే, అయినా ప్రతిసారీ మండుతుంది. సామ్రాజ్యం ఆ మంట మీదనే లోపలికి వెళ్ళింది.

"పెద్దమ్మా, ఒక్క గ్లాసు కూడా తాగలా నువ్వు. అంతా కిటికీలోంచి పోసినావు. మా చేతి నీళ్ళు పనికిరావంటే ఆ మాట చెప్పు, మీ ఇంటి నుంచే తెప్పిస్తాం."

కామాక్షమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"నీళ్ళ మాట కాదు అమ్మే. తాగితే ఆ గిన్నె అడగాల. పట్టపగలు, మంచం మీద, నేనొక్కదాన్నే, మీరంతా చుట్టూ నిలబడి. మా ఊళ్ళో చీకటితో నలుగురం కలిసి పోతాం, మాట్లాడుకుంటా పోతాం, మాట్లాడుకుంటా వస్తాం. ఇట్ట నా వల్ల కాదు. దానికన్నా దప్పికే నయం."

సామ్రాజ్యం కోపం అంతా ఎక్కడికి పోయిందో పోయింది. ఆమె తల్లీ, మా అమ్మా, మేమూ అట్లాగే కదా. పల్లెలో ఆడవాళ్ళు చెంబు పట్టుకుని ఒంటరిగా ఎవరు పోతారు? కష్టం సుఖం చెప్పుకునేది అక్కడే, కోడళ్ళ మీద చాడీలు అక్కడే. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఆ సంగతి మేమే మరిచిపోయాం.

ఇక చార్టు మాట. ఆరు రోజులుగా రాసిందంతా అబద్ధం. నేను చెప్పిన సలహా ఇప్పుడు తలుచుకుంటే నాకే నామోషీగా ఉంటుంది. ఆదివారం ఎల్లుండే, నోరు మూసుకో, రేపటినుంచి సరిగ్గా తాగించి సరిగ్గా రాయి, ఎవరికి తెలుస్తుంది అన్నాను. సామ్రాజ్యం కాసేపు గోళ్ళు కొరుక్కుంది. డాక్టరు గారు ఆ చార్టు చూసే కదా మందు రాస్తారు అంది. చార్టు చేత్తో పట్టుకుని నేరుగా సిస్టర్ గదికి వెళ్ళింది.

సిస్టర్ కేకలు వేయలేదు, అదే భయం. ఎర్ర సిరా ఇచ్చి ఒక్కొక్క గ్లాసూ కొట్టించి పక్కన 'తాగింది చూడలేదు' అని రాయించింది. నలభై ఒక్కసార్లు. తర్వాత ఆదివారం జాబితా తీసి సామ్రాజ్యం పేరు మీద గీత గీసింది. పదకొండు మంది అప్పటికి బండ్లకు ఎద్దుల్ని కట్టే ప్రయత్నంలో ఉంటారు. సామ్రాజ్యం గదికి వచ్చి దిండులో మొహం పెట్టి ఏడ్చింది. ఆమె ఏడుపు కూడా నవ్వంత పెద్దదే.

మర్నాడు అయిదు గంటలకే లేచింది. ఇంకా మసక చీకటి. పక్క మంచం మీద కడుపు ఆపరేషన్ అయిన సూళ్లూరుపేట మనిషి ఉండేది, పేరు ముసలమ్మ, వయసు ముప్పై. సామ్రాజ్యం రెండు మంచాలనూ ఒకే తెరల చాటుకు చేర్చింది. రెండు బెడ్‌పాన్లు వేడి నీళ్ళతో కడిగి, చల్లదనం పోయేలా తుడిచి, ఒక్కొక్కరినీ నడుం కింద చెయ్యి వేసి లేపి సర్దింది. లాంతరు వత్తి తగ్గించింది. తను తెరకు ఇవతల ముక్కాలి పీట మీద వాళ్ళకు వీపు పెట్టి కూర్చుంది. కూర్చుని, గట్టు మీద నడుస్తున్నట్టే మాట మొదలుపెట్టింది.

మీ ఊళ్ళో నాట్లకు మనుషులు ఏ వైపు నుంచి వస్తారు పెద్దమ్మా అని అడిగింది. కామాక్షమ్మ ముక్తసరిగా చెప్పింది. ముసలమ్మ తన ఆడబిడ్డ సంగతి ఎత్తుకుంది. ఆ ఆడబిడ్డ చేపల కూర వండిన విధం విని కామాక్షమ్మకు నవ్వు ఆగలేదు, నవ్వితే కాలు లాగుతుందని నవ్వుతూనే తిట్టింది. ఆ నవ్వులోనే పని జరిగిపోయింది. తర్వాత కామాక్షమ్మ తానే నీళ్ళు అడిగి రెండు గ్లాసులు తాగింది. సామ్రాజ్యం ఎదురుగా నిలబడి, గుటకలు లెక్కపెట్టి మరీ రాసింది.

ప్రేమలీల సిస్టర్ వార్డు తలుపు దగ్గర ఎప్పటినుంచి నిలబడి ఉందో మాకు తెలియదు. తెర దగ్గరికి వచ్చి, లోపలికి తొంగి చూడకుండా, ఏం జరుగుతోందని అడిగింది. సామ్రాజ్యం చెప్పింది. సిస్టర్ ఆ ముక్కాలి పీట మీద తనే కూలబడింది.

"పద్దెనిమిదేళ్ళుగా రోగులు ఎంత తాగారో రాయిస్తున్నాను. ఎందుకు తాగలేదో ఒక్క ఆడమనిషినీ అడగలేదు."

నేను లోలోపల సంబరపడ్డాను, జాబితాలో గీత చెరిపేస్తుందని. ఎక్కడ? తప్పుడు చార్టు తప్పుడు చార్టే, రేపు టోపీ లేదు, రెండు వారాలు చూస్తాను అంది లేస్తూ. ఆవిడ రాయి. ఆ రాయి మంచిదే, ఇప్పుడు తెలుస్తోంది.

ఆదివారం పదకొండు మంది వచ్చారు. ఆరుగురికి టోపీలు పెట్టడం చూశారు. సంగతి విని కామమ్మ సిస్టర్‌ను ఒక్క మాట అనలేదు, కూతుర్నే పట్టుకుని చూడకుండా ఎట్ట రాస్తివే అని వీపు మీద ఒకటి వేసింది. తర్వాత తెచ్చిన పులిహోర అందరికీ పంచింది. టోపీ రాలేదని పులిహోర వెనక్కి తీసుకుపోతామా అంది. నేను రెండు ఆకులు తిన్నాను.

ఆ రెండు వారాల్లో అయిదు గంటల తెరచాటు పెద్ద సంఘం అయిపోయింది. మంచాలు నాలుగయ్యాయి. కామాక్షమ్మ జ్వరం దిగింది, నాలుక తేటపడింది, కబుర్లలో ఆవిడదే పెత్తనం. టోపీ ఎప్పుడు పెడతారు, ఎక్కడ పెడతారు అని సిస్టర్‌ను రోజూ అడిగేది. హాల్లో అంటే, నేను లేవలేను గదా, నేను చూడాల గదా అని పేచీ పెట్టింది. ఎవరి మాటా వినని సిస్టర్ ఈ మాట వింది.

అందుకే సామ్రాజ్యానికి టోపీ పెట్టడం ఆడవాళ్ళ వార్డులో, తెల్లవారి అయిదున్నరకు, కామాక్షమ్మ మంచం పక్కన జరిగింది. కామమ్మ ఈసారి ఒక్కతే వచ్చింది. సిస్టర్ టోపీ తెచ్చి సామ్రాజ్యం తల మీద పెట్టబోయి, ఆగి, పిన్నులు కామాక్షమ్మ చేతికి ఇచ్చింది. సామ్రాజ్యం మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల వంచింది. ఆ పెద్దావిడ జుట్టు సవరించి, పిన్నులు గుచ్చి, అరచెయ్యి ఆ తల మీదనే ఉంచింది.

"ఆరుగురు బిడ్డల్ని కన్నా. నాకు సిగ్గేస్తా ఉంది అని ఒక్కరికీ చెప్పుకోలేదు. ఈ బిడ్డకు చెప్పుకున్నా" అంది కామమ్మ వైపు చూసి.

కామమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సిస్టర్ కిటికీ వైపు తిరిగింది. అప్పుడు ముసలమ్మ, తన పని అయిపోయి చాలాసేపైందని గుర్తు చేసింది. సామ్రాజ్యం లేచి, కళ్ళు భుజానికి తుడుచుకుని, తెల్ల టోపీతో రెండు చేతులా రెండు బెడ్‌పాన్లు ఎత్తుకుని వార్డు మధ్యలోంచి నడిచింది. మేమంతా చప్పట్లు కొట్టాం.