పోలమ్మ మాట, కమలాక్షి గారి అగ్గిపుల్ల

పెట్రోలు బంకులో ఆటో ఆగితే అందరూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. మొన్న నెల్లూరులో అలా ఆగినప్పుడు ఆ ఘాటుకు కమలాక్షి గారు గుర్తొచ్చారు, ఆవిడ వెనకాలే కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళయినా చల్లారని కోపం, చల్లార్చుకోవాలని నాకూ లేదు.

అరవైల మొదట్లో నెల్లూరు జిల్లా కోట దగ్గర ఒక హైస్కూల్లో నేను కొత్త టీచర్ని. కమలాక్షి గారు సైన్సు చెప్పేవారు. వాళ్ళన్నగారికి విశాఖపట్నంలో రిఫైనరీ ఉద్యోగం. సెలవులకు అక్కడికి వెళ్ళి, అందరిలా చీరలు కాకుండా మాటలు తెచ్చుకునేవారావిడ. క్రూడు, కట్టు, ఫ్లాష్ పాయింటు. తెచ్చుకున్నవి దాచుకునే మనిషి కాదు, వినేవాళ్ళు దొరికితే చాలు. ఒకరోజు వరండాలో నాకు చెబుతుంటే, చేపలమ్మే పోలమ్మ గంప దించుకుని తనూ కూర్చుంది. భూమిలోంచి తీసిన ముడినూనె క్రూడట. దాన్ని బాగా కాచి ఎత్తయిన బురుజులోకి పంపితే తేలికైన ఆవిరి పైకి పోయి పెట్రోలవుతుందట, దాని కింద కిరసనాయిలు, ఇంకా కింద డీజిలు, అడుగున తారు. అలా విడదీసిన ఒక్కో భాగం ఒక్కో కట్టు, ఇంగ్లీషు మాటే.

"సారా కాసినట్టేనా టీచరమ్మా?" అంది పోలమ్మ.

"అచ్చం అంతే. నీకెలా తెలుసే?"

"మా పాళెంలో తెలవనోళ్ళు ఎవురమ్మా?" అని నవ్వి గంప ఎత్తుకుంది. మద్యనిషేధం రోజులవి. కమలాక్షి గారు ఆ వారమంతా తలుచుకుని నవ్వారు.

ఆ కార్తీకంలోనే పోలమ్మ ఒళ్ళు కాలింది. సందెవేళ దీపం అంటించబోతే బుడ్డి పేలింది. నెల్లూరు ఆసుపత్రిలో అడిగినవాళ్ళందరికీ అదే చెప్పింది. "అగ్గిపుల్ల గీసినాను, బుడ్డి భగ్గుమనింది." ఎవరూ నమ్మలేదు. పొద్దున మొగుడితో పోట్లాడిందట, కాబట్టి తనే కిరసనాయిలు పోసుకుని ఉంటుందన్నారు కొందరు. మొగుడు చెంచయ్యే పోసుంటాడు, వాణ్ణి కాపాడుకోడానికి అబద్ధమాడుతోందన్నారు మిగతావాళ్ళు. హెడ్ కానిస్టేబులు చెంచయ్యను తెచ్చి స్టేషన్లో కూర్చోబెట్టాడు. ఏ కాపురంలో పోట్లాట లేదండీ? చేపలమ్ముకునే ఆడమనిషి మాటంటే ఇంత చులకనా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

కమలాక్షి గారు ఊరికే మండిపడి కూర్చోలేదు. చెంచయ్య తల్లిని అడిగి, వాళ్ళింట్లో మిగిలిన కిరసనాయిలు సీసా తెప్పించారు. బళ్ళో లాబొరేటరీలోని కిరసనాయిలు సీసా ఇంకొకటి పట్టుకున్నారు. నన్ను వెంటబెట్టుకుని స్టేషన్ అరుగు మీద రెండు సాసర్లలో చెరో నూనె పోసి పెట్టారు. ముసురు పట్టిన చల్లటి పొద్దు.

"నూనెల్లో ఫ్లాష్ పాయింటని ఒకటుంటుంది," అన్నారు హెడ్డుతో. "ఎంత వేడెక్కితే దాని ఆవిరి నిప్పు చూడగానే అంటుకుంటుందో ఆ లెక్క. మంచి కిరసనాయిలు ఇంత చల్లటి పూట వత్తి లేకుండా అంటుకోదు. చూడండి."

బళ్ళో నూనె మీద అగ్గిపుల్ల ఆడించారు. ఏమీ కాలేదు. రెండో సాసరు దగ్గరికి పుల్ల ఇంకా చేరకముందే మంట లేచింది. హెడ్డు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. చెంచయ్య గోడకు తల ఆనించి ఏడ్చాడు.

ఆ నూనె అమ్మిన కొట్టాయన్ని పిలిపించారు. ఆ రోజుల్లో రైతుల పంపు ఇంజన్లు పెట్రోలుతో స్టార్టయి కిరసనాయిలు మీద నడిచేవి, అందుకని కొట్లో రెండూ ఉండేవి. పెట్రోలు పీపా అయిపోవస్తే అడుగున మిగిలింది వంచెయ్యకుండా, దాని మీదే కిరసనాయిలు పోయించడం ఆయన పద్ధతి. దాచనైనా దాచలేదు మహానుభావుడు.

"ఎప్పుడూ చేసేదే గదమ్మా. రెండూ నూనెలే, యాడన్నా పారబోస్తామా?" అన్నాడు.

"రెండూ వేరే కట్లు. బురుజులో పైకి పోయే పెట్రోలు తెచ్చి దీపంలో పోశావు నువ్వు," అన్నారు కమలాక్షి గారు.

చెంచయ్యను వదిలేశారు. కొట్టాయనకు మాత్రం నాలుగు చీవాట్లు, అంతే. పెద్దమనిషి, తెలియక చేశాడని హెడ్డే సర్దిచెప్పాడు. పోలమ్మ తెలిసి చెప్పిన మాటకు లేని విలువ, ఈయన తెలియనితనానికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆదివారం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాం. శుభవార్త కదా అని కమలాక్షి గారు మంచం పక్కన కూర్చుని సాసర్ల సంగతంతా చెప్పారు. పోలమ్మ పైకప్పు చూస్తూ వింది. చేతులకు, మెడకు కట్లు.

"నేను ఆపొద్దే చెప్పినాను గదా టీచరమ్మా," అంది నెమ్మదిగా. "నా ఒళ్ళు కాలింది చూసినారు. సాసరు కాలితే గానీ నమ్మలేదా?"

కమలాక్షి గారు పోలమ్మ పాదాల మీద చెయ్యి వేశారు. బస్సులో తిరిగొస్తుంటే నాతో ఒక్కటే అన్నారు. "నేనూ ముందు సాసర్లే వెతికాను చూశావా. మంచం దగ్గరికి ముందు రావలసింది."

ఆ తర్వాత చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, పరీక్షించి చూడందే ఏదీ ఒప్పుకోవద్దని నేర్పాను. కానీ ఏడుస్తూ ఏ పిల్ల నా దగ్గరికొచ్చి ఏం చెప్పినా, ముందు కూర్చోబెట్టి, నమ్ముతున్నానని చెప్పేదాన్ని. పరీక్షలన్నీ ఆ తర్వాతే.