ఒక చిరునామాకు ఒక ఓటు

ఇరవై ఆరేళ్ల వయసులో మనిషికి రెండు నమ్మకాలు బలంగా ఉంటాయి. ఒకటి, లోకంలో ఏదో లోపం ఉందని. రెండోది, దాన్ని సరిచేయడానికి తానొక్కడే ఖాళీగా ఉన్నాడని. కువైట్‌కు వచ్చిన రెండో ఏట నన్ను ఈ రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. అప్పట్లో నేను మిర్కాబ్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో జూనియర్ ఇంజినీరును (అంటే సీనియర్ ఇంజినీరు గీసిన గీతలకు రంగులు మార్చేవాణ్ణి). ఇఖామా (నివాస పర్మిట్టు) మీద బతికే మనలాంటివాళ్లు ఇక్కడ నగర మండలికి నిలబడే ప్రశ్నే లేదు కాబట్టి, మనకంటూ ఒక మునిసిపాలిటీ ఉంటే అది తెలుగు సంఘమే. అందులో ప్రాంత ప్రతినిధి అనే పదవి ఒకటుండేది. ఏళ్ల తరబడి దాన్ని హైదరాబాదు పెద్దాయన ఒకరు పోటీ లేకుండా మోస్తున్నారు. చేతికి అందిన ప్రతి మనిషికీ శాలువా కప్పే అలవాటు వల్ల ఆయన్ని అందరం సన్మానాల మావయ్య అనేవాళ్లం. పాపం, మంచివారే. ఆయన మీద నాకున్న ఫిర్యాదల్లా ఒక్కటే, ఆ కుర్చీలో నేను లేకపోవడం.

నా నినాదం "అందరినీ కలుపుదాం." అప్పటికి నాకు తెలిసినవాళ్లు మొత్తం తొమ్మిదిమంది, అందులో ఐదుగురు నాతో ఒకే ఫ్లాటులో ఉండేవాళ్లు. అయినా నినాదంలో నిజం లేకపోలేదు. సంఘం ఫంక్షన్లలో ముందు వరసల్లో ఇంజినీర్లూ డాక్టర్లూ కుటుంబాలతో కూర్చునేవారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎప్పుడైనా వస్తే తలుపు దగ్గరే నిలబడి, ఇంకా తాంబూలాలు ఇవ్వకముందే వెళ్లిపోయేవారు. అలా తలుపు దగ్గర నిలబడిన ఒకావిడతో ఓసారి మాట కలిసింది. కోనసీమ మనిషి, రుమైథియాలో ఒక ఇంట్లో ఆరేళ్లుగా పని. "కూర్చోండక్కా" అంటే, "కూర్చుంటే మళ్లీ లేవాలి కదండి, ఆయ్. డ్రైవరు హారను కొట్టేత్తాడు" అంది. ఆమెకు వారానికోసారి, శుక్రవారం ఉదయం, చర్చిలో ప్రార్థనకు మాత్రం సెలవు. ఆ రోజు మాత్రం ప్రార్థన ముగిశాక డ్రైవరుని బతిమాలి పావుగంట సంపాదించుకుని వచ్చిందట.

సంఘం నిబంధనల పుస్తకం ఆ రాత్రికి నా చేతికొచ్చింది. పదహారో పేజీలో ఉంది రత్నం: ఒక చిరునామాకు ఒక ఓటు, చిరునామాకు రుజువుగా ఇంటి యజమాని సంతకం చాలు. ఇది సన్మానాల మావయ్య స్వయంగా రాసిన నిబంధన. బ్యాచిలర్ల ఫ్లాట్లలో పదేసి మంది ఉంటారు, వాళ్లంతా కలిసి కుటుంబాల్ని ఓడించకూడదని ఆయన ముందుచూపు. కానీ ఆ ముందుచూపుకు రుమైథియా కనపడలేదు. అక్కడ అక్క ఉండే ఇల్లు మూడంతస్తుల విల్లా, దానికొక చిరునామా, అందులో తెలుగు మనిషి ఒక్కతే. అంటే మా ఫ్లాటులో ఆరుగురికీ కలిపి ఎంత ఓటో, ఆమె ఒక్కదానికీ అంత ఓటు! సంఘం మొత్తంలో అతి పెద్ద ఇళ్లున్న ఓటర్లు ఇళ్లలో పనిచేసే ఈ ఆడవాళ్లేనన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. తట్టినవాణ్ణి నేనని నాకు ఎంత గర్వం వేసిందంటే, మర్నాడు ఆఫీసులో ఒక గోడకు తప్పు రంగు వేశాను.

మిగిలింది యజమానుల సంతకాలు. ఎర్ర టై కట్టుకుని రుమైథియా వెళ్లి బెల్లు కొట్టాను. టై కట్టుకొచ్చి పనిమనిషి ఎక్కడని అడిగే కుర్రాడు ఎవరికైనా రెండే రకాలుగా అర్థమవుతాడు: పెళ్లాడటానికైనా వచ్చాడు, ఇంకో ఇంటికి పనికి ఎగరేసుకుపోవడానికైనా వచ్చాడు. తలుపు తీసిన మామా (ఇంటావిడని అలాగే పిలుస్తారు) మొహంలో ఈ రెండూ వంతులవారీగా కనిపించాయి. ఇంతలో అక్క చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి అరబ్బీలో ఏదో చెప్పింది. మామా మొహం విచ్చుకుంది. లోపలికి పిలిచి ఖావా (అరబ్బీ కాఫీ) పోయించింది. నేను సమాజ ఐక్యత గురించి ఇంగ్లీషూ హిందీ కలిపి ఐదు నిమిషాలు మాట్లాడాను. అక్క దాన్ని రెండు మాటల్లో తేల్చేసింది.

"ఏం చెప్పారక్కా?"

"ఎలచ్చన్లో నిలబడ్డాడు, కొత్త అని చెప్పానండి."

మామా ఉత్సాహంగా నా వైపు వంగి ఏదో అడిగింది. "డేరా ఎక్కడేశావు, భోజనాలేం పెడతన్నావు అంటందండి" అని అక్క. (కువైటీల ఎన్నికల్లో అభ్యర్థి డేరా వేసి ఓటర్లకు విందు పెట్టడం ఆనవాయితీ.) డేరా లేదని, భోజనాలు లేవని, ఆశయాలున్నాయని చెప్పించాను. మామా జాలిగా చూసింది. ఆ తర్వాత అక్కనే నేరుగా అడిగింది, ఈ అబ్బాయి గెలిస్తే నీకేమొస్తుందని. అక్క చేతిలో పళ్లెం బల్ల మీద పెట్టి, మెల్లగా అరబ్బీలో మొదలుపెట్టింది. ఈసారి రెండు మాటల్లో ఆపలేదు. మామా చేతిలో ఖావా గిన్నె అలాగే ఉండిపోయింది. అదేమిటో అక్క నాకు తర్వాత చెప్పింది: "మా అమ్మ పోయిందని పోనొచ్చిన రోజు, నా పక్కన కూచుని తెలుగులో ఏడ్చే మనిసి ఒక్కత్తి లేదండి బాబూ. మూడు వీధులవతల మా పక్కూరి పిల్ల పని చేత్తందంట, ఇప్పటిదాకా మొకం చూళ్లేదు. ప్రార్థన అయ్యాక రెండు గంటలు, అందరం ఒక్కచోట కూచోడానికి. అదే అడిగానండి."

మామా సంతకం పెట్టింది, షరతుతో. అబ్బాయి గెలిస్తే ప్రతి శుక్రవారం రెండు గంటలు. ఓడితే ఖలాస్. అంతటితో ఊరుకోలేదు, ఫోను తీసి చెల్లెలికి, ఆడపడుచుకి, వాళ్ల ఆడపడుచులకి, తెలుగు మనిషి పనిచేసే ప్రతి ఇంటికీ చేయడం మొదలుపెట్టింది. నేను మూడు వారాలు తిరిగినా దొరకని పది సంతకాలు ఆమె సోఫాలోంచి లేవకుండా సంపాదించింది. నా ఎన్నికల ప్రచారంలో జరిగిన ఏకైక ప్రచారం అదే.

ఎన్నిక శుక్రవారం మధ్యాహ్నం. పదకొండు మంది ఆడవాళ్లు, చేతిలో సంతకాల కాగితాలతో, హాల్లోకి వచ్చారు. తలుపు దగ్గర నిలబడలేదు. సన్మానాల మావయ్య కళ్లజోడు తుడుచుకుని పదహారో పేజీ మూడుసార్లు చదివారు. "ఏం తమ్మీ, గిది నువ్వు రాసినవా?" అన్నారు. "మీరే రాశారు మావయ్యా." "మంచిగనే రాసిన గదా," అని నిట్టూర్చి, వాళ్లకు ఓటు కాగితాలు తానే పంచారు. ఓటేశాక ఎవరూ కదల్లేదు. కుర్చీలు గుండ్రంగా లాక్కున్నారు. "నువ్వు ఫలానా వారి కోడలివి కదూ" అంటూ ఎవరో ఎవర్నో కావలించుకుంటున్నారు. అక్క తన పక్కూరి పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. వదల్లేదు.

ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాను.

ఓట్లు వేసిన చిరునామాల జాబితాను మా ఫ్లాటు మిత్రుడు, కడప అతను, నాకు తప్పించి మడతపెడుతుంటే అనుమానం వచ్చింది. "మన ఫ్లాటు ఓటు ఎవరికేశారు?" అన్నాను. అతను నిజాయితీపరుడు. "మావయ్యకే ప్పా. పొద్దున చేతులెత్తించినాము, ముగ్గురు ఆయనకి, ఇద్దరు నీకి. నువ్వు మూడు వారాల్నుంచి వంట వంతు ఎగ్గొడితివి గదా. అందర్నీ కలుపుతానని ఊరంతా తిరుగుతావు, ఇంట్లో పప్పు కలిపేవాడు ల్యా." అభ్యర్థి హోదాలో హాల్లో కుర్చీలు సర్దుతున్న నేను ఆ సమావేశానికి హాజరు కాలేదు. మా ఓటు ఇటు పడి ఉంటే గెలిచేవాణ్ణి. పదకొండు విల్లాలను గెలిచి, సొంత ఫ్లాటులో ఓడిన నాయకుణ్ణి.

నా ఓటమి పెద్ద విషయం కాదు. అక్క రెండు గంటలు పోయాయి, అదీ విషయం. ఆమె ఫోను చేసి, "పోన్లెండి బాబూ, ఒక రోజైనా కూచున్నాం కదా" అంది. ఆ మాట వినడం కన్నా తిట్టు వినడం తేలిక. మర్నాడు సాయంత్రం మళ్లీ రుమైథియా వెళ్లాను. ఈసారి టై లేదు. ఓడిపోయానని, తప్పు నాదే కానీ అక్కది కాదని మామాకు చెప్పాలని నా ఉద్దేశం. ఎలా ఓడావని అడిగింది. చెప్పాను. అక్క ఈసారి ఒక్క మాట కూడా తగ్గించకుండా అనువదించింది, పప్పుతో సహా.

మామా నవ్వడం మొదలుపెట్టింది. సోఫా చెయ్యి పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. వీధి చివర సహకార దుకాణం పాలకవర్గానికి ఆమె తమ్ముడు ఒకప్పుడు నిలబడ్డాడట. అతని భార్యే ఓటెయ్యలేదట. నవ్వు ఆగాక నా వంక చూసి నెమ్మదిగా ఏదో అంది.

"ఏమన్నారక్కా?"

"ఓట్లడగడానికి మా గుమ్మంలోకి చాలామంది వచ్చారంటండి. అయిపోయాక మళ్లీ వచ్చినోణ్ణి నిన్నే చూత్తన్నానంటంది. రెండు గంటలు కాదు, మూడు అంటందండి. యల్లా, ఇంక వెళ్లి వంట నేర్చుకోమంటంది."

హాలు తాళం కోసం సన్మానాల మావయ్య దగ్గరికి వెళితే, ఒక మాట కూడా అడగకుండా ఇచ్చారు. శాలువా కూడా కప్పారు. అప్పటినుంచి శుక్రవారాలు తాళం తీయడం, టీ పెట్టడం నా పనులయ్యాయి. ఇన్నేళ్లలో పదకొండు మంది నలభై అయ్యారు. ఎవరికి ఇంటినుంచి ఏ ఫోను వచ్చినా, సాయంత్రంలోగా పక్కన కూర్చునే మనిషి ఒకరు వెళుతున్నారు. మొన్న శుక్రవారం టీ ట్రే పట్టుకుని లోపలికి వెళ్లబోతే ఒక కొత్త అమ్మాయి తలుపు దగ్గరే ఆపింది. "లోపల ఆడోళ్లు మాట్లాడుకుంటున్నారు అంకుల్, మీరు బయటుండండి. ఇంతకీ మీరెవరు?" ట్రే ఇచ్చేసి పార్కింగులో నీడ వెతుక్కుని నిలబడ్డాను. లోపల్నుంచి గట్టిగా నవ్వులు వినిపిస్తున్నాయి. ఆనాటి ఎర్ర టై కుర్రాడు ఇక్కడే ఉండి ఉంటే, తలుపు తట్టి, తానెవరో ఐదు నిమిషాలు వివరించి ఉండేవాడు. నేను టీ బాగుందో లేదో తెలిస్తే చాలనుకుని నిలబడ్డాను.