ముందు చేతులు కడుక్కో

ఈ మధ్యాహ్నం డాబా మీద మిరపకాయలు ఎండబోస్తుంటే, పాప ఒక కాయ తుంచి అదే చేత్తో కన్ను నులుముకుంది. కెవ్వున కేకపెట్టింది. చున్నీ కొస మడిచి, నోటికి ఆనించి వెచ్చగా ఊది, కంటి మీద అదిమాను. మళ్ళీ ఊదాను. ఆ గుడ్డలోంచి నా ఊపిరీ మిరప ఘాటూ కలిసి ముఖానికి తగిలేసరికి షమీమక్క గుర్తొచ్చింది. పాప నిద్రపోయింది. రెప్ప ఇంకా వాచి ఉందేమోనని మాటిమాటికీ లేచి చూస్తూ ఇది రాస్తున్నాను.

ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో షమీమక్క వాళ్ళది మా పక్కిల్లు. బస్సులో గుంటూరు వెళ్ళి డిగ్రీ చదివేది. సెలవు దొరికితే మా అమ్మ పక్కన కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలు తప్పాను. "పెద్ద పరీక్షలోనూ తప్పావంటే బడి చాలు. మీ అమ్మతో తొడిమలకు పో" అన్నాడు నాన్న. ఊరికే బెదిరించే మనిషి కాదు. మా పిన్ని కూతురు అప్పటికే మానేసింది.

బహుపదుల కూడికలు, గుణకారాలు ఎలాగో నెట్టుకొచ్చాను. కారణాంకాలుగా విడగొట్టమంటేనే ప్లస్సులూ మైనస్సులూ తారుమారయ్యేవి. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ ఆరు ఎంతకీ రాలేదు. షమీమక్క మూడు తాలు కాయలు, అంటే రంగు తేలిపోయినవి, నా ముందు పెట్టింది. వాటి పక్కన రెండు ఎర్రకాయలు పెట్టింది.

"తాలు మైనస్, ఎరుపు ప్లస్. జతకు జత తీసెయ్. ఏం మిగిలిందే?"

"ఒక తాలు."

"అదే నీ మైనస్ ఎక్స్. మైనస్ మూడు, ప్లస్ రెండు. నువ్వు తిరగేసి రాశావు. విడగొట్టాక మళ్ళీ గుణించి చూడవే, మొద్దూ!"

తర్వాతి లెక్కా తప్పే. ఏడుపొచ్చి కళ్ళు తుడుచుకున్నాను, తొడిమలు తీసిన చేత్తోనే. కల్లమంతా వినబడేలా అరిచాను. అక్క చున్నీ మడిచి ఊది అదుముతూనే నవ్వింది.

"ఏడువు, ఎవరొద్దన్నారు? ముందు చేతులు కడుక్కుని ఏడువు."

పెద్ద పరీక్షలో ఎక్స్ స్క్వేర్ మైనస్ రెండు ఎక్స్ మైనస్ పదిహేను వచ్చింది. ప్లస్ అయిదు, మైనస్ మూడు అని రాశాను. నాన్న మాట చెవిలో మోగింది. చెయ్యి కళ్ళ దాకా వెళ్ళి ఆగింది. "సార్, చేతులు కడుక్కుని వస్తానండీ" అన్నాను.

"చేతులకేమైందమ్మా, శుభ్రంగానే ఉన్నాయిగా?" అంటూనే పంపారు. కుళాయి కింద చల్లటి నీళ్ళు. తిరిగొచ్చి గుణించి చూస్తే, మధ్యలో ప్లస్ రెండు ఎక్స్ వచ్చింది. కొట్టేసి గుర్తులు మార్చాను.

పదో తరగతికి వెళ్ళాను. ఫలితాలు వచ్చేలోపే అక్క పెళ్ళయి అద్దంకి వెళ్ళిపోయింది. గెలిచానని చెప్పడానికి ఆ గోడవతల ఎవరూ లేరు. తర్వాత అక్క వాళ్ళు అద్దంకి నుంచీ ఎటో వెళ్ళిపోయారన్నారు.

పాప ఒళ్ళు జ్వరంతో కాలినా, బడి నుంచి ఆటో ఆలస్యమైనా నేను ముందు కుళాయి దగ్గరికి పోతాను. చేతులకు ఏ ఘాటూ ఉండదు. అయినా నీళ్ళు పడుతున్న ఆ కాసేపూ, పక్కన ఎవరో చున్నీ కొస మడిచి పట్టుకుని నిలబడినట్టే ఉంటుంది.