ఫిల్మన్ గొంతుకు ఒక మీట

షిల్లాంగ్‌లో ఒక కొండ మీది చర్చికి డిజిటల్ పియానో కొనిపించింది, అక్కడి పాటల బృందానికి వాయించే కాంగ్ దరిహునే. అక్కడి ఖాసీ వాళ్ళు అక్కను కాంగ్ అనీ, అన్నను బా అనీ పిలుస్తారు. శనివారం మధ్యాహ్నాలు వక్కా ఆకూ బుగ్గన పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఒక్కో మీటా నొక్కుతూ ఒకే స్వరాన్ని పదిసార్లు వింటుంది. కాలితో తొక్కే పాత ఆర్గన్ చెదలకు పోయినప్పటి నుంచి పాటల బృందంలో బా ఫిల్మన్ నోరు విప్పడం లేదు. "నలభై ఏళ్ళు పాడాను, కాంగ్. దీని గణగణలో నా శ్రుతి నాకే దొరకట్లేదు. ఇక మానేస్తా," అన్నాడాయన పోయిన వారం. ఆ మాట ఆమెను ముల్లులా గుచ్చింది.

ఈ శనివారం ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకుని, ఆ పెట్టెలో ఉన్న వాయిద్యాల గొంతులు ఒక్కొక్కటే మార్చి వినిపించింది. పియానో గొంతుకు ఆయన తల అడ్డంగా ఊపాడు. వయొలిన్లకు "ఎవరి పెళ్ళి?" అన్నాడు. ఆమె ఆర్గన్ గొంతు పెట్టి, మోత తగ్గించి, పదును తగ్గించి, చివరికి శ్రుతి కూడా ఒక మెట్టు దించి పాట అందుకుంది. సగం చరణంలో ఆయన మంద్రస్వరం గరగరమంటూ లేచి, వణికి, నిలదొక్కుకుంది.

"ఇన్నాళ్ళూ ఈ గొంతుని ఎక్కడ దాచావు?" అన్నాడాయన పియానో వైపు చూపిస్తూ.

"నువ్వు వెనక బెంచీలో మూతి ముడుచుకుని కూర్చుంటే నాకెలా తెలుస్తుంది, బా?"

దరిహున్ ఆ అమరికను ఒక మీట కింద భద్రం చేసి, కాగితం ముక్క మీద ‘ఫిల్మన్’ అని రాసి దాని పక్కన అంటించింది.