పాచికలకు లొంగని మైలోడు

ఆ రోజుల్లో పెళ్ళికాని ఉద్యోగికి ఆదివారమంత పొడుగైన రోజు ఇంకొకటి ఉండేది కాదు. బట్టలుతికి ఆరేసి, వండుకుని తిని, ఓ కునుకు తీసి లేచినా ఇంకా మూడే అయ్యేది. తొంభైల మొదట్లో మంచిర్యాలలో గుమాస్తానైన నేనూ, మా ఆఫీసు టైపిస్టూ, హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన ఇంకో గుమాస్తా ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆ మూడో ఆయన్ని పట్నపాయన అనేవాళ్ళం. ఆయన ట్రంకుపెట్టెలో ఓ ఇంగ్లీషు పుస్తకం, ఇరవై ముఖాల పాచిక ఉండేవి. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వేషం ఎంచుకోవాలి, ఏం చేస్తున్నామో నోటితో చెప్పాలి, అది అయ్యేదీ కానిదీ పాచిక తేలుస్తుంది. కథ నడిపేది పట్నపాయన. (పచ్చీసు తప్ప వేరే ఆట ఎరగని నాకు అది గడ్డాలొచ్చినవాళ్ళు ఆడే బొమ్మల పెళ్ళిలా తోచింది.) టైపిస్టు మంత్రగాడయ్యాడు. కత్తి పట్టి రాజ్యాలేలే అవకాశం ఉండగా నేను ఏరి కోరి ఒంటెద్దు బండి తోలేవాణ్ణయ్యాను. ఇచ్చోడ దగ్గరి పల్లెలో పుట్టినవాడి బుద్ధి అంతకంటే ఎక్కడికి పోతుంది? ఎద్దుకు మైలోడని పేరు కూడా పెట్టుకున్నాను.

రెండో వారమే కథలో దొంగలు తరిమారు, బండి వాగులో దిగబడింది. ప్రాణభయంతో ఎద్దును ముల్లుగర్రతో పొడిచానని చెప్పాను. బండి బయటపడింది. తెల్లారి కాడి ఎత్తబోతే ఎద్దు మెడ పెట్టడం లేదన్నాడు పట్నపాయన. పాచిక వేశాను. అన్నిటికంటే పెద్ద అంకె, ఇరవై పడింది. టైపిస్టు చప్పట్లు కొట్టాడు గానీ పట్నపాయన కరగలేదు.

"నీకు ఇరవై పడ్డది గని, ఆ సంగతి ఎద్దుకెట్ల ఎర్కైతది?" అన్నాడు.

కోపం రావలసిన చోట నేను పాచికను తీసి పక్కన పెట్టేశాను. మైలోడు నేను కల్పించిన ఎద్దు కాదు. మా బాపు ఎద్దు. ఇంటర్ సెలవుల్లో పత్తి బండిని ఆదిలాబాదు జిన్నింగు మిల్లుకు తోలుకుపోతుంటే అది దారిలో మొరాయించింది. వెనక బండ్లవాళ్ళు నవ్వారన్న రోషంతో నెత్తురు వచ్చేలా పొడిచాను. ఆ తర్వాత నా చేతి గడ్డి అది ముట్టలేదు. ఎద్దులకు పూజ చేసే పొలాల పండుగ ముందు రోజు వాటి మెడలకు నెయ్యీ పసుపూ రాసి, పెట్టిన కష్టానికి మన్నించమని అడగడం మా వైపు ఆనవాయితీ. ఆ ఏడు నేను రాయబోతే వెనక్కి జరిగింది. వచ్చే పొలాలకు చూద్దాంలే అనుకున్నాను. ఆలోపే అది చచ్చిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను మైలోడికి కుడితి పెట్టి దూరంగా కూర్చుంటున్నానని చెబుతూ వచ్చాను. టైపిస్టు విసిగిపోయి కనీసం ఒక రాక్షసుణ్ణయినా పంపమని పట్నపాయనను బతిమాలాడు. చివరికి ఒక వారం, నెయ్యిలో పసుపు కలిపి మెడకు రాస్తానన్నాను. అంటూనే నా చెయ్యి బల్ల చెక్కను నిమురుతోందని నాకే తెలియలేదు. పట్నపాయన పుస్తకం మూశాడు. (అందులో పొలాల పండుగ ఎందుకుంటుంది?) పాచిక కూడా వేయమనలేదు.

"రాయనియ్యలే," అన్నాడు మెల్లగా. "గని గీసారి ఎనుకకు జరగలే. ఆడ్నే నిలవడ్డది."

బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను. టైపిస్టు కంగారుగా చాయ్ తేవడానికి పరుగెత్తాడు. ఆ మంత్రగాడికి అంతకు మించిన మంత్రం తెలియదు పాపం.

ఆ నెలలోనే పట్నపాయనకు బదిలీ అయింది, ఆట అక్కడే ఆగింది. లేని ఎద్దును మన్నించమని అడిగి, అది వెనక్కి జరగలేదన్నందుకే ఏడ్చిన ఆ గుమాస్తాను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ రోజు మైలోడు మెడ మీద చెయ్యి వేయనిచ్చిందని పట్నపాయన చెప్పి ఉంటే మాత్రం నేను నమ్మేవాణ్ణి కాదు.