టేపు తిరగని మధ్యాహ్నం

మొన్న గుంటూరు బైపాస్ మీద ఆటోలో వస్తుంటే ముందు వెళ్తున్న మిర్చి లారీ నుంచి ఘాటు గుప్పున కొట్టింది. ఆటో అతనూ నేనూ పోటీపడి తుమ్మాం. “ఎన్నేళ్లున్నా ఈ ముక్కుకి అలవాటు కాదండీ!” అని నవ్వాడతను. నేను నవ్వలేకపోయాను. ఆ ఘాటు తగిలినప్పుడల్లా నాకు సువార్త గారు గుర్తొస్తారు. మిర్చి దుమ్ము పేరు చెప్పి ఆవిడ మీద ఒక నింద వేశారు. ఆ తప్పు నాది. పోయిన వారం దాకా ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో నేను ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కొత్త లెక్చరర్ని. మా కంప్యూటర్ ల్యాబు మిర్చి లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఉండేది. ల్యాబంతటికీ ఒకటే యూనిక్స్ మిషను. విద్యార్థులందరూ టెర్మినల్స్ ముందు కూర్చుని దాని మీదే పనిచేసేవారు. సువార్త గారు అక్కడ టెక్నీషియన్. దర్శి దగ్గర పల్లెటూరు, నాన్న చర్చిలో ఉపదేశి. పాలిటెక్నిక్ చదివి కాంట్రాక్టు మీద చేరారు. ఆ వేసవిలో పర్మనెంటు చేస్తామని యాజమాన్యం మాటిచ్చింది. రోజూ పొద్దున్నే కిటికీలకు తడిగుడ్డలు కట్టి, ఫైళ్లన్నిటికీ నకలు, అదే బ్యాకప్, తీసే టేపు డ్రైవును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాకే ఆవిడ ఇంకో పని ముట్టుకునేవారు.

నాకు పీజీ ఉంది, ఆవిడది డిప్లొమా. అయినా యూనిక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ గురించి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆవిడే. “పేర్లు మనకోసం సార్. టేపు, డిస్కు, ప్రింటరు అని మనం అనుకుంటాం. కెర్నల్‌కి నంబర్లే తెలుసు. ఒకే నంబరు రెండిటికి ఇచ్చామా, ఒకదాని పని ఇంకోదానికి పోద్ది.” కొత్త పరికరం తగిలిస్తే దాన్ని నడిపే ప్రోగ్రాముకు, అంటే డ్రైవరుకు, ఖాళీ నంబరు ఇచ్చి కెర్నల్‌ని మళ్లీ కట్టాలి. అలా కట్టిన ప్రతిసారీ ఆవిడ మొదట పాత పరికరాలన్నీ నడిపి చూసేవారు. నేను విసుక్కుంటే, “కొత్తదాన్ని ఎలాగూ ముచ్చటపడి చూస్తాం సార్. పాతవాటినే ఎవరూ చూడరు” అనేవారు.

ఒకసారి ఆవిడ చెల్లెలి పెళ్లికి ఊరెళ్లిన రెండు రోజుల్లో ఎనిమిది కొత్త టెర్మినల్సు, వాటిని మిషనుకు కలిపే ఒక కార్డు వచ్చాయి. ఆవిడ వచ్చేలోగా నేనే పెట్టి చూపించాలని నా ఆత్రం. నంబర్ల ఫైలు సాంతం చదవకుండా చివరి లైను చూసి, దాని తర్వాతి అంకె వేసేశాను. అదే అంకెతో టేపు డ్రైవరు పైనెక్కడో ఉంది. కెర్నల్ కట్టాను. ఎనిమిది తెరలూ వెలిగాయి. ప్రిన్సిపాల్ వచ్చి భుజం తట్టారు.

మర్నాడు మధ్యాహ్నం సువార్త గారు బ్యాకప్ పెట్టి నా దగ్గరికొచ్చారు. “సార్, టేపు తిరుగుతున్న చప్పుడు లేదండీ.”

“ఎర్రర్ వచ్చిందా?”

“రాలేదు.”

“మరింకేం?”

కాసేపటికి మళ్లీ వచ్చారు. “లైటు కూడా వెలగట్లేదు సార్. కెర్నల్ కట్టాక టేపు నడిపి చూశారా?”

ఎదురుగా నా విద్యార్థులున్నారు. “చూశానండీ. మీ పని మీరు చూసుకోండి” అన్నాను. చూడలేదు. కెర్నల్ ఫైళ్ల పాస్‌వర్డు నా దగ్గరే ఉంది కాబట్టి నా మాట నమ్మడం తప్ప ఆవిడకు దారి లేదు.

మూడు వారాల తర్వాత విద్యార్థుల ఫైళ్లున్న డిస్కు చెడిపోయింది. ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టులన్నీ అందులోనే ఉన్నాయి. టేపు పెడితే కదల్లేదు. అప్పుడు ఫైలు తెరిచి మొదటి నుంచీ చదివాను. ఒకే నంబరు రెండుచోట్ల కనిపించింది. ఇన్నాళ్లూ మా బ్యాకప్ అంతా కొత్త కార్డులో ఏమీ తగిలించని ఒక పోర్టులోకి పోయింది. చడీచప్పుడు లేకుండా నంబరు మార్చి కెర్నల్ మళ్లీ కట్టాను. టేపు తిరిగింది. దాని మీద ఆ మూడు వారాల పని ఏమీ లేదు.

“మిర్చి దుమ్మే అయ్యుంటుంది. ఆవిడ సరిగా తుడవట్లేదేమో. ఏమయ్యా, నువ్వేమంటావ్?” అని ప్రిన్సిపాల్ అడిగారు.

“బ్యాకప్ ఆవిడే తీస్తారు సార్” అన్నాను. అందులో అబద్ధం లేదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ తెర మీద కెర్నల్ కట్టిన తేదీ మారడం చూసి, “నంబరు మార్చారా సార్?” అన్నారు. అవునన్నాను. ఆవిడ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. కొన్నాళ్లకు చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్ ఆఫీసులో చేరారని విన్నాను.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. కొత్త సర్వరు పెట్టిన రోజు వాళ్లందరూ దాని చుట్టూ మూగితే నేను పాత మిషన్ల దగ్గరికెళ్లి ఒక్కొక్కటీ నడిపి చూస్తాను. అది జాగ్రత్త అని వాళ్లు మెచ్చుకుంటారు.

పోయిన వారం దర్శి దగ్గర వాళ్ల ఊరెళ్లి సువార్త గారికి అంతా చెప్పాను. జుట్టు నెరిసింది. మాట అదే. “నాకు తెలుసు సార్. మీరే చెప్తారేమోనని పది రోజులు చూశా. తర్వాత చూడ్డం మానేశా.”

ఇప్పుడు నేనేం చెయ్యగలనని అడిగాను. “మా నాన్న పోయేదాకా అనేవాడు సార్, ‘మిషను తుడవడానికి బద్ధకించి ఉద్యోగం పోగొట్టుకున్నావు కదమ్మా’ అని. నేను తుడిచానని రాయండి. టేపు తిరగట్లేదని చెప్పానని రాయండి.”

రాస్తున్నాను. సువార్త గారు రోజూ తుడిచారు. టేపు తిరగట్లేదని నాకు చెప్పారు. రెండుసార్లు చెప్పారు.