నోరు విప్పాల్సిన ఆట

మావారు నాకు పెట్టిన షరతు ఒక్కటే: గుమ్మం దాటితే నోరు విప్పకూడదు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి "కాస్త జరగండి" అంటే చాలు, గుంటూరు యాస పట్టేస్తారని ఆయన భయం. నా నోరేమో మా ఊళ్లో పేరుమోసిన నోరు. అలాంటిదాన్ని కూరగాయల బండి దగ్గర వేలు చూపించి, బేరమాడకుండా కొనుక్కొచ్చేదాన్ని. బంద్ రోజుల్లో అదీ లేదు. మేడమీద రెండు గదుల్లో గోడలతో మాట్లాడుకునేదాన్ని. పిచ్చెక్కేది.

కింద ఇంటి ఓనరుగారు ఉండేవారు. పోచంపల్లి వైపు మనిషి. చీరలకు డిజైన్లు గీసి గీసి, రిటైరయ్యాక అదే గళ్ల కాగితం మీద ఆటలు తయారుచేసేవారు. ఒక్కటీ అమ్మలేదు. బంద్ వస్తే వరండాలో చాప పరిచి, వీధిలోవాళ్లను కూర్చోబెట్టి కొత్త ఆట ఆడించి, లోపాలు పట్టమనేవారు. తెలంగాణ రావాలని ధర్నాల్లో కూర్చున్న మనిషి. నేను పైనుంచి చూసి లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఒకరోజు ఆయనే పిలిచారు. "ఒక మనిషి తక్కువైతున్నది, రా బిడ్డా."

అది గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ ఆట. చేతిలో పళ్ల బొమ్మల చీటీలు. ఎవరి దగ్గర ఏముందో అడిగి, అరిచి, బేరమాడి మార్చుకోవాలి. నోరు మూసుకున్నవాళ్ల పళ్లు మురిగిపోతాయి. నా బత్తాయిలన్నీ మురిగాయి. రెండో ఆటలో తెగించి, "గీ మామిడి ఎంతకిస్తరు?" అన్నాను. వరండా అంతా నవ్వింది. ఏడుపొచ్చి లేవబోయాను.

ఆయన నవ్వలేదు. "గట్లెందుకు మాట్లాడుతవ్? నీ మాట నీకు లేదా? మీ ఊర్ల ఎట్ల బేరం జేస్తవో గట్లనే జెయ్యి. లేకుంటె నా ఆట మంచిగున్నదో లేదో నాకెట్ల ఎరుకైతది?"

"నేనిక్కడ గట్టిగా మాట్లాడొచ్చాండీ, బాబాయిగారూ?"

"రాష్ట్రం సంగతి వేరే. నువ్వు మామిడిపండ్ల సంగతి చూడు."

ఇక చూడండి, కడుపులో మగ్గిన మాటలన్నీ కుమ్మరించాను. మామిడిపళ్లన్నీ నావే. ఆయన భార్య, పిన్నిగారు, బుగ్గలు నొక్కుకున్నారు. ఆ తర్వాత బాబాయిగారు నాకూ గళ్ల కాగితం ఇచ్చి, నా ఆట నన్నే గీసుకోమన్నారు. ఇవాళ సెలవు రోజుల్లో నేను ఆటలు తయారుచేస్తున్నానంటే ఆ వరండా పుణ్యమే. గుమ్మం బయట మాత్రం నోరు కుట్టేసుకునే ఉన్నాను.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం బాబాయిగారికి గుండెనొప్పి వచ్చింది. మావారు క్యాంపులో ఉన్నారు. పక్కింటివాళ్ల ఆటోలో పిన్నిగారూ నేనూ ఆయన్ను చెరోవైపు పట్టుకుని ఎల్బీనగర్ ఆస్పత్రికి బయల్దేరాం. చౌరస్తా ముందు రోడ్డుకడ్డంగా బండరాళ్లు, కాలుతున్న టైర్లు. కుర్రాళ్లు ఆటో ఆపేశారు. పిన్నిగారికి ఏడుపు తప్ప మాట రావడం లేదు. డ్రైవరు బండి వెనక్కి తిప్పబోయాడు. నేను నోరు విప్పితే నన్నేం చేస్తారో, విప్పకపోతే ఆయన ఏమైపోతారో.

"దారివ్వండి బాబూ, గుండెనొప్పండీ, ఆస్పత్రికి తీసుకెళ్లాలండీ" అని అరిచాను.

ఆ యాసకు అందరూ ఇటు తిరిగారు. ఒకబ్బాయి ఆటోలోకి తొంగిచూశాడు. "ఆయన నీకేమైతడు?"

ఓనరు అనబోయి ఆగాను. "మా గురువుగారు" అన్నాను. ఆయనతో ఎన్నడూ అనని మాట.

ఆ అబ్బాయే రాళ్లు లాగేశాడు. మా ఆటో ముందు పరిగెత్తుతూ జనాన్ని పక్కకు జరిపాడు.

ప్రాణం దారిలోనే పోయిందన్నారు డాక్టరు. దారిలో ఎక్కడ అని నేను అడగలేదు. గురువుగారన్న ఆ మాట ఆయన విన్నారనే అనుకుంటూ బతుకుతున్నాను.